ఇంధన పొదుపుకు రెండు మార్గాలు

కారులో పోసిన పెట్రోలంతా చక్రాలను తిప్పడానికే వినియోగమవుతుందని పలువురు భావిస్తారు. వాస్తవం వేరు. సాధారణ ఇంజనులో ఇంధనశక్తిలో సగానికి మించిన భాగం వేడిగా మారి, పొగగొట్టం గుండా, రేడియేటరు గుండా గాలిలో కలిసిపోతుంది. ఒక లీటరు పెట్రోలు దహనమైతే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ముడిచమురులో అత్యధిక భాగాన్ని దిగుమతి చేసుకునే భారతదేశం వంటి దేశాలకు ఈ వృథా ధననష్టం కూడా. దీనిని అరికట్టే ప్రయత్నాలలో రెండు ప్రధాన మార్గాలను జపాన్ కార్ల చరిత్ర స్పష్టంగా చూపుతుంది.

మొదటిది హైబ్రిడ్ మార్గం. రెండు రకాల సుగుణాలను కలిపిన విత్తనాన్ని రైతులు హైబ్రిడ్ విత్తనం అంటారు. అదే రీతిలో పెట్రోలు ఇంజనునూ, విద్యుత్ మోటారునూ కలిపిన కారు హైబ్రిడ్ కారు. టయోటా సంస్థ 1997 డిసెంబరులో విడుదల చేసిన ప్రియస్, పెద్ద ఎత్తున ఉత్పత్తి అయిన తొలి హైబ్రిడ్ కారు. మామూలు కారుకు బ్రేకు వేసినప్పుడు దాని గతిజశక్తి వేడిగా మారి బూడిదలో పోసిన పన్నీరవుతుంది. హైబ్రిడ్ కారులో ఆ క్షణాన మోటారే జనరేటరుగా మారి, ఆ శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీలో నిలువ చేస్తుంది. కారు ఆగినప్పుడు ఇంజను కూడా ఆగుతుంది.

రెండవది ఇంజనునే మెరుగుపరిచే మార్గం. సిలిండరులోని గాలి, ఇంధనాల మిశ్రమాన్ని ఎంత ఎక్కువగా అదిమితే అంత ఎక్కువ పని లభిస్తుంది. దీని కొలమానమే సంపీడన నిష్పత్తి. అయితే అది హద్దు మీరితే మిశ్రమం అదుపు తప్పి తనంత తానే మండి, ఇంజనుకు హాని కలిగిస్తుంది. మాజ్దా సంస్థ ఈ చిక్కును అధిగమించి, 2011లో 14:1 సంపీడన నిష్పత్తి గల ఇంజనుతో డెమియో కారును విడుదల చేసింది. నాటి జపాన్ పరీక్షా విధానంలో తొలి ప్రియస్ లీటరుకు 28 కిలోమీటర్లు నడవగా, అదే విధానంలో డెమియో హైబ్రిడ్ సాయం లేకుండానే 30 కిలోమీటర్లు నడిచింది. కాని డెమియో చిన్న కారు. పైగా 2009 నాటికే ప్రియస్ 38 కిలోమీటర్లకు చేరుకొన్నది.

ఈ రెండింటిలో ఏది మేలు? సమాధానం కారు నడిచే దారిని బట్టి ఉంటుంది. అడుగడుగునా ఆగే నగరవీధులలో హైబ్రిడ్ కారు ఎక్కువ పొదుపు చేస్తుంది. బ్రేకు అవసరం అంతగా లేని జాతీయ రహదారిపై దాని ఆధిక్యం తగ్గుతుంది. మోటారు, బ్యాటరీల ఖరీదూ, బరువూ మాత్రం తగ్గవు. అక్కడ మేలైన ఇంజను గల మామూలు కారు దానికి చేరువవుతుంది.

నిజానికి ఇవి పరస్పర విరోధులు కావు. ప్రియస్‌లోని ఇంజను సైతం సామాన్యమైనది కాదు. 19వ శతాబ్దపు బ్రిటిష్ ఇంజనీరు జేమ్స్ అట్కిన్సన్ సూత్రాన్ని అనుసరించి అది రూపొందింది. 2015లో వచ్చిన ప్రియస్‌లో ఇంజను గరిష్ఠ ఉష్ణదక్షత 40 శాతానికి చేరింది. ఇంజను ఇంధనంలోని శక్తిని సమర్థంగా రాబడితే, మోటారు ఆ శక్తిని వృథా పోకుండా కాపాడుతుంది. సంపాదనా, పొదుపూ రెండూ ఉన్న ఇల్లే నిలుస్తుంది. వాహనానికీ అదే నీతి వర్తిస్తుంది.