అడవిదున్నల మందకు ఎర్రమట్టి, నల్లమట్టి

విశాఖ మీదుగా కోల్‌కతా వెళ్లే రైలెక్కిన తెలుగువాళ్లకు సంత్రాగాఛి వచ్చిందంటే సామాన్లు దించుకునే వేళయిందని అర్థం. హుగ్లీ నదికి ఇవతలే, హావ్‌డా జిల్లాలో ఉంటుందీ జంక్షన్. కొన్ని దక్షిణాది రైళ్లు ఇప్పుడు ఇక్కడితోనే ఆగిపోతున్నాయి. స్టేషన్‌ను ఆనుకుని ఒక పెద్ద చెరువుంది. చలికాలం రాగానే ఆ నీళ్ల మీద, గుర్రపుడెక్క తెప్పల మీద వేల బాతులు వచ్చి వాలతాయి. వాటిలో ఎక్కువ భాగం ఈల వేసినట్టు కూసే గోధుమరంగు చిన్న బాతులే. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. కాసేపు నిలబడి చూస్తే ఒకటి రెక్క సర్దుకుంటూ, ఒకటి మెడ వెనక్కి తిప్పి నిద్రపోతూ, ఇంకొకటి పక్కదాన్ని పొడుస్తూ కనిపిస్తుంది. గుంపును బొమ్మకట్టే వాళ్లకు అసలు చిక్కంతా ఇక్కడే. అన్నింటినీ ఒకేలా చేస్తే అది గోడకాగితం అవుతుంది. దేనికదే వేరుగా చేస్తే మంద కాస్తా చెదిరిపోతుంది.

ఈ చిక్కును బెంగాల్ పనివాళ్లు మట్టిలోనే విప్పుకున్నారు. సంత్రాగాఛి దాటిన రైలుమార్గం ఖరగ్‌పూర్ దగ్గర చీలి, ఒక పాయ మిడ్నపూర్ మీదుగా బిష్ణుపూర్ వెళ్తుంది. (ఖరగ్‌పూర్‌లో దిగితే తెలుగు మాట వినిపించడానికి ఎంతోసేపు పట్టదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ అక్కడ మనవాళ్ల కుటుంబాలున్నాయి.) బిష్ణుపూర్ ఒకప్పుడు మల్ల రాజుల రాజధాని. అక్కడి శ్యామ్ రాయ్ గుడి 1643లో, జోడ్ బంగ్లా 1655లో, మదన్ మోహన్ గుడి 1694లో కట్టినవి. మూడూ ఇటుక గుళ్లే. గోడలనిండా కాల్చిన మట్టి పలకలు. పైభాగాన రామాయణం, కృష్ణలీలలు. కింద పీఠం దగ్గరికి వస్తే వేటగాళ్లు, ఏనుగులు, గుర్రాలు, జింకలు, ఒకదాని వెనక ఒకటి నడిచే హంసల బారులు.

ఆ హంసల బారులోనే ఉంది కిటుకు. ప్రతి పలకా దాదాపు ఒకే కొలత, పక్షుల నడక కూడా ఒకటే. కానీ మెత్తని మట్టి మీద అచ్చు గుద్ది వదిలేసిన పని కాదది. పలక కాస్త గట్టిపడ్డాక, ఇంకా పచ్చిగా ఉండగానే, వెదురు కత్తితోనో ఇనుప ఉలితోనో చెక్కేవారు. అందువల్ల ఒక హంస మెడ కాస్త పొడుగు, ఇంకోదాని ముక్కు కాస్త వంకర. వరుస నియమం అలాగే ఉంటుంది, లోపల ప్రాణులు మాత్రం వేరువేరు. ఈ పని చేసిన సూత్రధార్ కులస్థులు చెక్కపని, రాతిపని, మట్టిపని మూడూ ఎరిగినవాళ్లు. ఊరూరా తిరిగి ఈ గుళ్లను ఫొటోలు తీసి, వివరాలు రాసి పెట్టిన డేవిడ్ మెక్కచన్ జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో సాహిత్యం చెప్పిన ఇంగ్లిషువాడు. 1972లో చిన్న వయసులోనే కోల్‌కతాలో కన్నుమూశాడు. ఆయన శ్రమ లేకపోతే ఆ తర్వాత కూలిపోయిన గుళ్ల గురించి మనకు చాలా తక్కువే తెలిసేది.

ఇక అడవి పశువుల మందను మట్టిలో నిలబెట్టిన కథ బిష్ణుపూర్ కన్నా చాలా చాలా పాతది. ఫ్రాన్స్ దక్షిణాన, ఆరియేజ్ ప్రాంతంలోని త్యుక్ దొదూబేర్ గుహలో 1912లో ముగ్గురు అన్నదమ్ములు మట్టితో చేసిన రెండు బైసన్‌లను చూశారు. పద్నాలుగు వేల ఏళ్లకు పైబడిన బొమ్మలవి. గుహ నేలలోంచే మన్ను తీసి, ఒక బండకు ఆనించి, చేత్తో మలిచారు. వేళ్లు లాగిన గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని కాల్చలేదు. గుహలో చెమ్మ, చీకటి మారకుండా ఉండబట్టి నిలిచాయి.

కాల్చి, రంగుపూత వేసి, వరుసల్లో పేర్చిన మంద కావాలంటే బాబిలోన్‌కు వెళ్లాలి. క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దంలో అక్కడి రాజు నెబుకద్‌నెజర్ కట్టించిన ఇష్తార్ ద్వారం నీలిరంగు ఇటుకల గోడ. దానిమీద వరుసకొక జంతువు చొప్పున అడవి ఎద్దులు, పాము ఒళ్లున్న వింత మృగాలు మారిమారి నడుస్తుంటాయి. ఒక్కో ఎద్దు ఒకే పలక కాదు. చాలా ఇటుకలు కలిస్తేనే ఒక ఎద్దు. అచ్చులో పోసి తీసిన ఇటుకను ఎండబెట్టి ఒకసారి కాల్చి, గాజుపూత పూసి మళ్లీ కాల్చేవారు. ఏ ఇటుక పక్కన ఏది రావాలో తెలిసేలా గుర్తులు కూడా పెట్టుకున్నారు. పురావస్తు శాస్త్రజ్ఞుడు కొల్డెవై నాయకత్వాన జర్మన్లు తవ్వి తీసిన ముక్కలతో దాన్ని బెర్లిన్ పెర్గమాన్ మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. ఆ గోడ మీది ఆరోక్స్ అనే అడవి ఎద్దు జాతి మాత్రం భూమి మీద మిగల్లేదు. చివరిది 1627లో పోలండ్‌లో చనిపోయింది.

బాబిలోన్ గోడ అద్భుతమే. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. అక్కడున్నది మంద కాదు, కవాతు. ఒకే అచ్చు, ఒకే అడుగు, ఒకే చూపు. రాజుగారి దర్జాకు అది సరిపోయింది. అడవిలో మేసే పశువులకు సరిపోదు. మంద సంగతి బిష్ణుపూర్ పనివాడికే బాగా తెలుసనిపిస్తుంది.

మనదేశంలో బైసన్ అని పిలిచే జంతువు అడవిదున్న. అమెరికా మైదానాల్లోని ఉన్ని బైసన్‌కు ఇది చుట్టమే గాని అదే జాతి కాదు. పంతొమ్మిదో శతాబ్దపు వేటలో అమెరికా బైసన్ కోట్ల నుంచి వెయ్యి దగ్గరికి పడిపోయింది. 2016లో దాన్ని ఆ దేశపు జాతీయ క్షీరదంగా ప్రకటించారు. అక్కడి చేతిపనివాళ్లు వంటింటి గోడల పలకల మీద దాన్ని ఇష్టంగా మలుస్తారు. మన అడవిదున్నకు పలకల మీద ఆ గౌరవం ఇంకా దక్కలేదు. ఆవు జాతి అడవి పశువుల్లోకెల్లా పెద్దదైనా, మగది ఒక టన్ను బరువు దాటగలిగినా, ఏనుగు పులి జింకల పక్కన దానికి గోడ మీద చోటు తక్కువ. బెంగాల్‌లో దాన్ని చూడాలంటే ఉత్తరాన జల్దాపారా, గోరుమారా అడవులకు పోవాలి. తేయాకు తోటల్లోకి, ఊళ్లలోకి అది దారితప్పి వచ్చినప్పుడల్లా పత్రికల్లో వార్త అవుతుంది.

నిజానికి మట్టి పలకకు ఇంతకంటే తగిన ఒళ్లు దొరకదు. మెడ నుంచి వీపు సగం దాకా ఉబికి, అక్కడ చప్పున తెగినట్టు ఆగిపోయే ఆ వెన్నుగట్టు ఉబ్బుచెక్కడానికే పుట్టినట్టుంటుంది. పైగా మగది ఎదుటివాణ్ని బెదిరించాలంటే మీదికి ఉరకదు. ముందు పక్కకు తిరిగి నిలబడి తన పొడుగూ ఎత్తూ చూపిస్తుంది. శిల్పి అడక్కుండానే పక్కనుంచి కనిపించే భంగిమ అన్నమాట.

రంగుల సంగతి ఇంకా ఆసక్తికరం. దూడ పుట్టినప్పుడు బంగారు గోధుమ రంగు. పెరిగేకొద్దీ ముదురుతుంది. ఆడవి, చిన్న మగవి గోధుమ, ఎర్రగోధుమ. ముసలి మగది ఇంచుమించు నల్లన. మోకాళ్ల కింద నాలుగు కాళ్లకూ తెల్ల మేజోళ్లు. మందను నడిపేది సాధారణంగా పెద్దాడది. ముసలి మగది చాలాసార్లు ఒంటరిగా, మందకు దూరంగా తిరుగుతుంది.

ఇప్పుడు బిష్ణుపూర్‌కు దగ్గర్లోని పాంచ్‌మూరా ఊరికి వెళ్దాం. పొడుగు మెడ, నిటారు చెవులతో ఉండే బాంకుడా మట్టి గుర్రం పుట్టిల్లు అదే. ఆ గుర్రాన్ని అఖిల భారత హస్తకళల బోర్డు తన చిహ్నంగా పెట్టుకుంది. పాంచ్‌మూరా మట్టిపనికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక్కడి కుమ్మరుల పేర్ల చివర ఎక్కువగా కుంభకార్ అనే ఉంటుంది. వీళ్ల ఆవంలో ఒకే మట్టి రెండు రంగులిస్తుంది. పొగ పోయే రంధ్రాలు తెరిచి ఉంచి కాలిస్తే బొమ్మ ఎర్రగా వస్తుంది. వాటిని మూసేసి పొగను లోపలే బిగిస్తే నల్లగా దిగుతుంది. వేరే రంగు కొనక్కర్లేదు.

అడవిదున్నల మందకు కావలసిన రెండు రంగులూ అవే. ఎర్ర పలకల మీద ఆడవి, దూడలు. నల్ల పలక మీద ముసలి మగది. అది మందకు ఎడంగానే ఉంటుంది కాబట్టి దాని పలకను విడిగా కాల్చినా అతుకు తెలియదు, కథా చెడదు. బిష్ణుపూర్ గోడల మీద గుర్రాలకు, జింకలకు దక్కిన చోటు పాంచ్‌మూరా మట్టిలో అడవిదున్నకు దక్కితే ఆ మట్టికి అంతకంటే సహజమైన కొత్త పని ఉండబోదు.

చేసేటప్పుడు మాత్రం జాగ్రత్తలున్నాయి. మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది. పలచగా ఉన్నచోట త్వరగా, మందంగా ఉన్నచోట నెమ్మదిగా. అడవిదున్న మూపు దగ్గర మట్టి గుట్టలా ఉంటుంది, కాళ్ల దగ్గర పలచన. అలాగే వదిలేస్తే ఆ రెండింటి మధ్యే పగులు వస్తుంది. అందుకని పలక వెనక వైపు, మూపు సరిగ్గా ఎక్కడుందో అక్కడ మట్టి తోడేసి గుల్ల చేస్తారు. కొమ్ములు బయటికి పొడుచుకొచ్చేలా చేస్తే మోసుకెళ్లేటప్పుడు విరుగుతాయి. వాటిని పలక ఒంటికి అంటిపెట్టుకునేలా, వెనక్కి వంచి చెక్కడం మేలు. పలకలు కలిసే గీత ఏ జంతువు కన్ను మీదుగానూ పోకూడదు. కాళ్ల మధ్య ఖాళీలోంచో, గడ్డి పొదలోంచో పోనివ్వాలి. 1963లో లక్నో రవీంద్రాలయ గోడకు చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ చేసిన పెద్ద మట్టి చిత్రం వేల ముక్కలది. అక్కడాయన అతుకులను దాచలేదు, వాటినే బొమ్మలో గీతలుగా వాడుకున్నాడు. అదీ ఒక దారే.

తెల్ల మేజోళ్లకే కాస్త వేరే ఉపాయం కావాలి. ఎర్రమట్టి ఎంత కాల్చినా తెల్లబడదు. తెల్ల బంకమన్నును నీళ్లలో పలచగా కలిపి, పలక పచ్చిగా ఉండగానే కాళ్లకు పూస్తే ఎర్ర పలకకు ఒక్క కాల్పులోనే పని అయిపోతుంది. నల్ల పలకకు ఈ ఉపాయం పూర్తిగా పారదు. ఆవంలో బిగించిన పొగ తెల్లపూతనూ మసకబారుస్తుంది. ముసలి మగదాని కాళ్లు బూడిదరంగులో వచ్చినా పెద్ద నష్టం లేదు, బురదలో తిరిగొచ్చినట్టుంటాయి.

తెలుగువాళ్లకు ఈ జంతువు కొత్తేమీ కాదు. పాపికొండల్లో, కిన్నెరసాని, ఏటూరునాగారం అడవుల్లో మందలున్నాయి. చాలాకాలంగా కనబడని నల్లమలలో 2024లో ఒకటి కనిపించిందన్న వార్త అటవీశాఖ వాళ్లను ఉత్సాహపరిచింది. భద్రాచలం వైపు కోయల కొమ్ము నృత్యంలో మగవాళ్లు తలకు కొమ్ములు, నెమలి ఈకలు కట్టుకుని పెద్ద డోళ్లు మోగిస్తూ ఒకరినొకరు ఢీకొట్టే అడవి మగదున్నల్లా ఆడతారు. ఆ కొమ్ములు పూర్వం అడవిదున్నవే. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు కాబట్టి ఇప్పుడు కొత్తగా కొమ్ములు సంపాదించే వీలు లేదు, ఉండకూడదు కూడా. ఇంట్లో తరతరాలుగా వస్తున్నవే జాగ్రత్తగా వాడుకుంటారు.

ఇంటి గోడకు ఇలాంటి పలకలు పెట్టించుకోవాలనుకునే వాళ్లు బిష్ణుపూర్ పద్ధతి ఒకటి అరువు తెచ్చుకోవచ్చు. అక్కడ జంతువుల బారులు కింద పీఠం దగ్గరే ఉంటాయి. అడవిదున్నల వరుసను నడవా గోడకు కిందుగా, నేలకు రెండడుగుల ఎత్తులో పెడితే దాటిపోయే వాళ్ల నడకతో పాటే మంద కూడా సాగుతున్నట్టుంటుంది. వాన తగిలే గోడైతే పైన చూరు ఉండాలి. పూతలేని ఎర్రమట్టి నీళ్లు పీల్చుకుంటుంది, రెండు వానాకాలాలు గడిచేసరికి నాచు పడుతుంది. అప్పుడు ఆమ్లం పోసి కడగకూడదు, మెత్తని కుంచెతో తోమితే చాలు.