తండ్రీకొడుకుల సంఘర్షణ: కఠోపనిషత్తు, కన్యాశుల్కం

తండ్రిది సంప్రదాయమనీ, కుమారునిది నవ్యత అనీ, ఈ రెండింటి వైరుద్ధ్యమే తరాల సంఘర్షణకు మూలమనీ సామాన్యంగా భావిస్తారు. మన వాఙ్మయంలోని రెండు ప్రసిద్ధ ఘట్టాలను జోడించి పరిశీలిస్తే ఈ విభజన నిలువదని తోస్తుంది. అందు మొదటిది కఠోపనిషత్తులోని నచికేతోపాఖ్యానం. రెండవది గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కంలోని అగ్నిహోత్రావధానులు, వెంకటేశంల వృత్తాంతం.

వాజశ్రవసుడు సర్వస్వదానాత్మకమైన యాగం చేశాడు. శంకర భగవత్పాదులు దానిని విశ్వజిత్తని వ్యాఖ్యానించారు. కాని దక్షిణగా తరలించిన గోవులు ముదిసి వట్టిపోయినవి. ఈ లోపాన్ని గుర్తించినవాడు బాలుడైన నచికేతుడు. అప్పుడతనిలో శ్రద్ధ ప్రవేశించిందని ఉపనిషత్తు చెబుతున్నది. తండ్రి హితాన్ని కోరి కలిగిన ఆస్తిక్యబుద్ధియే ఆ శ్రద్ధ అని శంకరుల వివరణ. తన్నెవరికి ఇస్తావని నచికేతుడు ముమ్మారు అడగడం, తండ్రి కోపించి మృత్యువుకిస్తాననడం విదితమే. యముడు మూడు వరాలు ఇవ్వగా కుమారుడు కోరిన మొదటి వరం తండ్రి మనశ్శాంతి. కావున నచికేతుని ప్రశ్న ధిక్కారం కాదు. తండ్రి ఆచరిస్తున్న ధర్మాన్నే ప్రమాణంగా గ్రహించి ఆ తండ్రిని సరిదిద్దే యత్నం.

1892లో ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో సమూలంగా పునారచితమైన కన్యాశుల్కంలో పరిస్థితి భిన్నం. అగ్నిహోత్రావధానులు పేరులోనే వైదికత్వం ఉన్నది. అయినా ఆయన 1800 రూపాయలకు చిన్న కుమార్తె సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధానులకు ఇవ్వబూనుతాడు. వితంతువైన పెద్ద కుమార్తె బుచ్చమ్మ కన్నుల ఎదుట ఉన్నా ఆయన మనసు మారదు. తండ్రి శుల్కం గ్రహించడం సంతానవిక్రయమేనని మనుస్మృతి తృతీయాధ్యాయం స్పష్టంగా నిషేధించింది. కాబట్టి ఆయన పక్షాన ఉన్నది శాస్త్రం కాదు, ధనాశ, మొండితనం.

ఇక వెంకటేశం ఇంగ్లీషు చదువు పరీక్ష తప్పడంతోనూ, పుస్తకాల పేరిట తండ్రి సొమ్ము రాబట్టే ఉపాయాలతోనూ సరిపోయింది. గురువైన గిరీశం అతనికి నేర్పినది చుట్ట కాల్చడం, మాటకారితనం. సుబ్బి పెళ్ళి విషయంలో అవధానులకు ఎదురునిలిచినది బావమరిది కరటకశాస్త్రి; నూతిలో దూకినది తల్లి వెంకమ్మ. ఇంగ్లీషు చదివిన కుమారుడు కాదు. చివరకు సుబ్బిని కాపాడినది కూడా శిష్యునికి ఆడవేషం వేసి కరటకశాస్త్రి పన్నిన పన్నుగడయే.

ఈ రెండు ఘట్టాల తారతమ్యం వల్ల ఒక అంశం తేటపడుతున్నది. తండ్రిని ప్రశ్నించడం ఆధునిక విద్య వల్ల వచ్చిన కొత్త లక్షణం కాదు. అది ఉపనిషత్కాలం నాటికే ఉన్నది. అగ్నిహోత్రావధానులకు లోపించినది శాస్త్రార్థ వివేకం. వెంకటేశానికి లోపించినది నచికేతుని శ్రద్ధ. ఆ రెండూ కొరవడిన గృహంలో నష్టం అనుభవించవలసి వచ్చినది వాదానికి దిగిన పురుషులు కాదు, నోరులేని ఆడపిల్లలు. కన్యాశుల్కాన్ని పాత కొత్తల పోరాటంగా మాత్రమే బోధిస్తే ఈ అంశం విద్యార్థి దృష్టికి రాదు. కఠోపనిషత్తును ప్రక్కన ఉంచుకొని చదివినప్పుడు, తండ్రిని నిలదీయడానికి కావలసిన ప్రమాణం ఆ తండ్రి ఇంటి గ్రంథాలలోనే ఉన్నదని అతడు గ్రహించగలుగుతాడు.