పోయిన ఖాళీ జాగా డబ్బు కట్టినా తిరిగి రాదు
ఎస్.ఆర్.నగర్‌ను చూసి పల్లెలు నేర్చుకోవలసిన పాఠం

ఎస్.ఆర్.నగర్ (హైదరాబాద్): డిగ్రీ పూర్తిచేసి కంప్యూటర్ కోర్సు కోసం పట్నం వెళ్ళిన పల్లెటూరి కుర్రాళ్ళలో చాలామంది మొదట దిగేది అమీర్‌పేటలోనే. తల దాచుకునేది పక్కనున్న ఎస్.ఆర్.నగర్ హాస్టళ్ళలో. గదికి నలుగురైదుగురు సర్దుకుంటారు. కిటికీ తీస్తే చేతికి అందేంత దూరంలో పక్క బిల్డింగు గోడ. బిడ్డను చూడబోయిన తల్లిదండ్రులకు ఊపిరి సలపదు.

ఈ ఇరుకు మొదటినుంచీ ఉన్నది కాదు. 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఆయన పేరు మీద వెలసిన కాలనీ ఇది. అప్పటికి ఇది ఊరి శివారు. పక్కనే బల్కంపేట ఎల్లమ్మ తల్లి గుడి ఉంది. అమ్మవారు వెలసింది భూమట్టానికి దిగువన, బావిలో. అక్కడ ఒకప్పుడు పల్లె ఉండేదని చెప్పడానికి ఆ బావే సాక్ష్యం.

వాకిలి పోయి వాటాలు వచ్చె

లెక్క సులభమే. రెండు వందల గజాల్లో ఒక ఇల్లు, అయిదుగురు మనుషులు అనుకుందాం. ఆ ఇల్లు పడగొట్టి అయిదంతస్తులు లేపి, అంతస్తుకు రెండు వాటాలు వేస్తే పది కుటుంబాలు, యాభైమంది. మనుషులు పదింతలయ్యారు. వీధి మాత్రం ఒక్క అడుగు కూడా పెరగలేదు. మురుగు కాలువా అంతే.

2006లో వచ్చిన జీవో 86తో హైదరాబాదులో మరో మార్పు జరిగింది. స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మించి కట్టరాదన్న పరిమితిని ఎత్తివేశారు. ముందున్న రోడ్డు వెడల్పు, స్థలం సైజు, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎత్తు నిర్ణయించడం మొదలైంది. 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేలకు పైగా జనం ఉన్నారు. అదే ఏడు పక్కనున్న ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలో ఉన్నది 707 మంది.

అయితే ఇళ్ళు దగ్గర దగ్గరగా కట్టడమే తప్పని అనలేము. పట్నం పైకి పెరగకపోతే పక్కకు పెరుగుతుంది. అప్పుడు పోయేది పల్లెల పొలాలే. 2017 నవంబరులో మెట్రో రైలు మొదలైనప్పుడే ఎస్.ఆర్.నగర్‌కు స్టేషన్ వచ్చింది. రైలు ఉన్నచోట పదిమంది ఎక్కువ ఉంటే మంచిదే. చిక్కల్లా జనానికి తగినట్టు ఆటస్థలం, పార్కు, వాననీరు పోయే దారి ముందే విడిచిపెట్టకపోవడంలో ఉంది.

నిలబడ్డ స్థలాలు రెండు

ఈ చుట్టుపక్కల రెండు స్థలాల కథ తెలుసుకోదగినది. ఒకటి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి. క్షయ, ఉబ్బసం రోగులు పల్లెల నుంచి వచ్చి చేరే పెద్దాసుపత్రి ఇది. ఆసుపత్రిని వికారాబాద్ దగ్గరి అనంతగిరికి తరలించి ఆ స్థలంలో సచివాలయం కట్టాలని 2015 జనవరిలో తెలంగాణ మంత్రివర్గం నిర్ణయించింది. దానిపై వ్యతిరేకత వచ్చింది. విషయం హైకోర్టుకూ చేరింది. చివరికి ఆ ఆలోచన విరమించారు. కొత్త సచివాలయం పాత చోటనే కట్టి 2023 ఏప్రిల్‌లో ప్రారంభించారు. ఆసుపత్రి ఆవరణలో 2022లో మరో పెద్దాసుపత్రికి శంకుస్థాపన జరిగింది. రోగుల జాగా రోగులకే దక్కింది.

రెండోది పంజగుట్ట దగ్గరి ఎర్రమంజిల్. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఆ మహలును తీసివేసి శాసనసభ భవనాలు కట్టాలని 2019 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించింది. కొందరు పౌరులు కోర్టుకెక్కారు. అదే ఏడాది సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. పట్టణ ప్రణాళిక రికార్డుల్లో ఆ భవనం రక్షించవలసినదిగా నమోదై ఉండడం వారికి కలిసివచ్చింది.

ఒకచోట జనం అవసరం గట్టిగా ఉంది. మరోచోట రికార్డు గట్టిగా ఉంది. వీటికి తోడు అడిగేవాళ్ళు ఉన్నారు కనుకనే ఆ స్థలాలు నిలిచాయి. ఊరక నినాదాలిస్తే నిలిచేవి కావు.

ఇప్పుడు పల్లెల వంతు

పట్నం ఇప్పుడు పల్లెల గడపలోకి వచ్చింది. 2025 మార్చిలో హెచ్‌ఎండీఏ పరిధిని పది వేల చదరపు కిలోమీటర్లకు పైగా పెంచారు. 11 జిల్లాలకు చెందిన 1,355 గ్రామాలు అందులోకి వచ్చాయి. చేలల్లో హద్దురాళ్ళు పాతి ప్లాట్లు అమ్మే వెంచర్లు ఊరూరా వెలుస్తున్నాయి.

అనుమతి లేని లేఔట్లలో ప్లాట్లు కొన్నవారి గతి ఏమైందో చూడాలి. వాటిని క్రమబద్ధీకరిస్తామని 2020 ఆగస్టులో జీవో 131 వస్తే 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. లేఔటులో పది శాతం ఖాళీ స్థలం లేకపోతే, క్రమబద్ధీకరణ రుసుముకు తోడు ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలని అందులో పెట్టారు. అంటే వెంచరు వేసినవాడు పార్కు జాగా కూడా ప్లాట్లు చేసి అమ్ముకుని పోయాడు. దాని వెల మాత్రం కొన్న పేదవాడి నెత్తిన పడింది. అంత కట్టినా అతని పిల్లలకు ఆడుకునే జాగా వస్తుందా అంటే రాదు. అక్కడ అప్పటికే ఇళ్ళు లేచి ఉంటాయి.

కనుక మేలుకోవలసింది ప్లాట్లు అమ్ముడుపోక ముందే. లేఔటుకు అనుమతి ఉందా? ఉంటే నక్షాలో పార్కు, రోడ్లు ఎక్కడ? ఆ స్థలం గ్రామ పంచాయతీ పేర రిజిస్టరు అయిందా? ఈ మూడు ప్రశ్నలూ గ్రామసభలో అడగాలి. జవాబును తీర్మానంలో రాయించాలి.

చెరువు, కుంటల సంగతీ అంతే. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు నిండు నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. చిన్న కాలువకైనా 2 మీటర్లు విడవాలి. శిఖం భూమిలో వేసవిలో నీళ్ళు కనిపించకపోవచ్చు. వాన పడ్డనాడు నీరు తన దారి తాను వెతుక్కుంటుంది. గట్టి వాన కురిస్తే బల్కంపేట అండర్‌పాస్‌లో ఏమవుతుందో పత్రికల్లో అందరూ చూస్తున్నదే.

భూమి అమ్ముకోవద్దని రైతుకు ఎవరూ చెప్పలేరు. పిల్ల పెళ్ళి, చదువు, అప్పు ఎవరి అవసరాలు వారివి. కాని పట్టా భూమి ఒకరిది, కుంట, బాట, బందెలదొడ్డి, బడి జాగా అందరివి. వాటి సర్వే నంబర్లు, విస్తీర్ణం, హద్దులు ఒక బోర్డు మీద రాయించి పంచాయతీ ఆఫీసు ముందు పెడితే ఖర్చు కొద్దిపాటిదే. హద్దులు ఊరందరి కళ్ళ ముందు ఉంటే ఆక్రమించడానికి వచ్చినవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. సర్పంచులు, కార్యదర్శులు ఈ పనికి వెంటనే పూనుకోవాలి.