కథ కన్న కథలు: పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ కథాసంవిధానం

ఉపోద్ఘాతం

నేటి నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డకు చేరువనున్న అహోబిల క్షేత్రం ఎఱ్ఱన ‘నృసింహపురాణం’తో తెలుగు కావ్యంలో స్థిరపడింది. అది పురాణప్రసిద్ధమైన కథ. సుమారు రెండు శతాబ్దాల తరువాత, 16వ శతాబ్దంలో, నంద్యాల కృష్ణమరాజుకు సూరన అంకితమిచ్చిన ‘కళాపూర్ణోదయం’ కల్పిత కథ. అంతకుముందే ‘రాఘవపాండవీయం’లో రామాయణ భారత కథలను ఒకే పద్యంలో పలికించిన సూరన, ఈ ఎనిమిది ఆశ్వాసాల ప్రబంధంలో అనేక కథలను ఒకే కథగా అల్లాడు. శ్లేషకవి కథకుడిగా మారిన సందర్భమిది.

కథల అల్లిక

ద్వారకలోని కలభాషిణితో కథ మొదలవుతుంది. తనకు సాటి లేదన్న రంభ గర్వానికి నారదుడు పలికిన మాట తరువాత నిజమై, ఇద్దరు రంభలు ఎదురుపడతారు. అప్పటిదాకా రంభానలకూబరులుగా కనిపించిన జంట నిజానికి కలభాషిణీమణికంధరులని పాఠకుడు ఆలస్యంగా గ్రహిస్తాడు. దానితో ముందు చదివిన ఘట్టానికి అర్థమే మారుతుంది. నగలు ధరించిన భార్యను కాక, తోటపనిలో తోడైన భార్యను వలచిన శాలీనుని కథ కూడా విడిగా నిలవక ప్రధాన కథలో కలుస్తుంది.

ఈ ముడులను విప్పేది శిశువైన మధురలాలస. పూర్వజన్మలో ఆమె కలభాషిణి. మణిప్రభావంతో కలిగిన స్మృతితో కళాపూర్ణునికి ఆమె వృత్తాంతమంతా చెబుతుంది. దాని మూలం బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ. ఆ దంపతుల ప్రణయఘట్టమే అందులో పాత్రలుగా, పేర్లుగా రూపుదాల్చింది. బ్రహ్మ పలికినందువల్ల అది భూమిపై జరిగి తీరాలి. అంటే ఇక్కడ కథ జరిగినదాన్ని చెప్పడంతో ఆగదు, జరగబోయేదానికి కారణమవుతుంది.

నవల అనవచ్చునా?

కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వవిచారము’ ఈ కావ్యాన్ని ఆధునిక విమర్శకు కేంద్రంగా నిలిపింది. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల ఆంగ్లానువాదం వెలువడ్డాక దీని నవలాస్వభావంపై చర్చ విస్తరించింది. తెలుగులో నవల 1870లలో వచ్చిందన్న సాహిత్యచరిత్రకు ఇది చిక్కుప్రశ్న. కల్పిత ఇతివృత్తం, కార్యకారణ బిగువు, పాత్రల అంతరంగం ఇందులో ఉన్నాయి. అయితే కార్యకారణాలను నడిపేవి శాపాలు, వరాలు, జన్మాంతర స్మృతులు, వాహిక చంపువు. ‘పద్యనవల’ అన్న పేరు మొదటి పోలికను చూపి రెండవ భేదాన్ని మరుగుపరుస్తుంది.

ముగింపు

నవలకు పూర్వరూపంగా మాత్రమే చదివితే ‘కళాపూర్ణోదయం’ అసంపూర్ణ ప్రయత్నంగా తోస్తుంది. వాక్కు సృష్టికి హేతువన్న భావనను కథానిర్మాణ సూత్రంగా మలచిన కావ్యంగా చదివితే దాని సమగ్రత తెలుస్తుంది. ప్రబంధ పాఠ్యబోధన వర్ణనల వద్ద ఆగిపోకుండా, ఎవరు, ఎవరికి, ఎప్పుడు కథ చెబుతున్నారన్న ప్రశ్నతో సాగడం అవసరం.