కథానాయకుడికి కాగితాలతో పనిలేదు

గణతంత్ర దినోత్సవం నాలుగు రోజులుందనగా, 2016 జనవరి 22న, ‘ఎయిర్‌లిఫ్ట్’ విడుదలైంది. 1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌ను ఆక్రమించుకుంటే, అక్కడ చిక్కుబడిపోయిన సుమారు 1,70,000 మంది భారతీయులు ఎలా బయటపడ్డారన్నది కథ. రాజా కృష్ణ మీనన్ తీసిన ఈ హిందీ సినిమాలో అక్షయ్ కుమార్ వేసిన రంజిత్ కత్యాల్ అనే కోటీశ్వరుడు అందరినీ గట్టెక్కిస్తాడు. ఢిల్లీలో ఫైళ్లు మాత్రం బల్లల మీద నిద్రపోతుంటాయి. సినిమా ఆడింది, విదేశాంగ శాఖ నొచ్చుకుంది. శాఖ అధికార ప్రతినిధి వికాస్ స్వరూప్, సినిమా అన్నాక స్వేచ్ఛ తీసుకుంటారంటూనే అప్పట్లో తమవాళ్లు చేసిన పనిని గుర్తుచేశారు. (ఆయన నవలే ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ అయింది కాబట్టి ఆ స్వేచ్ఛ ఎంతదూరం పోతుందో ఆయనకు తెలియంది కాదు.) విదేశాంగ మాజీ కార్యదర్శి నిరుపమా రావు కూడా పరిశోధన చాలలేదన్నారు. వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. అయితే పేరు ఎవరికి ఎంత దక్కాలన్నది చిన్న తగువు. సినిమా అంతకంటే పెద్ద సంగతిని వదిలేసింది. యుద్ధభూమిలో చిక్కుకున్న కూలీమనిషి కదలాలన్నా, ఆగిపోవాలన్నా తేల్చేది కాగితమే.

గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. అక్కడ మనిషి ఉనికి అకామా (నివాస అనుమతి) మీద, అకామా కఫీల్ (పూచీపడ్డ యజమాని) దయమీద ఆధారపడి ఉంటుంది. పాస్‌పోర్టు తరచుగా కఫీల్ బీరువాలోనే ఉంటుంది. 1990 ఆగస్టులో ఎందరో కువైటీలు సరిహద్దు దాటి సౌదీకి వెళ్లిపోయారు. యజమాని పారిపోయిన ఇంట్లో పనిమనిషి పాస్‌పోర్టు ఏ ఇనప్పెట్టెలో ఉందో వెతికి ఇచ్చేదెవరు? అలాంటి మనిషిని రాయబార కార్యాలయం ఇతను మా దేశస్తుడేనని నమ్మి, ఏదో ఒక పత్రం చేతికిస్తే తప్ప పొరుగు దేశం లోపలికి రానివ్వదు. ఆ పత్రాన్నే కడప జిల్లాలోనూ, గోదావరి జిల్లాల్లోనూ ఔట్‌పాస్ అంటారు. 2018లో, మళ్లీ 2020లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మన ఆడవాళ్లు ఎందరో దానికోసమే వరసల్లో నిలబడ్డారు. రంజిత్ కత్యాల్‌కు ఈ బాధ లేదు. అతడికి పెద్దవాళ్లతో పరిచయాలున్నాయి, ఇరాకీ మేజర్‌తో బేరమాడగల డబ్బుంది. సినిమాలో అతడి డ్రైవరు మొదట్లోనే తూటాకు బలవుతాడు. ఆ చావు యజమాని మనసు మార్చడానికి పనికొచ్చింది. ఆ తర్వాత శిబిరంలో కనిపించే వేలమంది పని అతడికేసి ఆశగా చూడటమే.

జరిగింది చూస్తే, ఏ ఒక్క మనిషి చేతా అయ్యే పని కాదది. ఆగస్టు 24లోగా కువైట్‌లోని రాయబార కార్యాలయాలన్నీ మూసేయాలని ఇరాక్ హుకుం జారీ చేసింది. అమెరికా మొండికేసి కూర్చుంది. భారత్ తన కార్యాలయాన్ని బాస్రాకు మార్చుకుంది. అది పిరికితనంలా కనిపించవచ్చు గానీ, ఇరాక్ గుండా జనాన్ని తీసుకురావాలంటే ఇరాక్‌తో మాటలు తెగకూడదు. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంను ఆలింగనం చేసుకున్న ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆ కౌగిలికి ఆయన ఏళ్లతరబడి మాటలు పడ్డారు. ఒక చిన్న దేశాన్ని మింగేసినవాడిని గట్టిగా ఖండించకుండా ఉండటమే మనవాళ్ల ప్రాణాలకు మనం కట్టిన ధర. ఆ తర్వాత బస్సుల్లో బాస్రా, బాగ్దాద్ మీదుగా వెయ్యి కిలోమీటర్లకు మించిన ఎడారి దారి, జోర్డాన్ సరిహద్దు శిబిరాల్లో నీళ్లకోసం పడిగాపులు. అమ్మాన్ నుంచి సుమారు రెండు నెలల్లో 488 విమానాలు లక్షమందికి పైగా జనాన్ని చేరవేశాయి. అందులో సింహభాగం ఎయిరిండియా పౌర విమానాలదే. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది ఆ లెక్కే. ఆహారం పంపాలన్నా ఐక్యరాజ్య సమితి ఆంక్షల కమిటీ ఒప్పుకోవాల్సిన రోజులవి. ఇంత సరంజామాలోంచి సినిమా ఏరుకున్నది ఒక ధనవంతుడి హృదయ పరివర్తన.

సినిమాకు నాయకుడు ఉండాలి కదా, గుమాస్తాలు ముద్రలు కొట్టడం ఎవరు చూస్తారు అనేవాళ్లున్నారు. దీనికి జవాబు మలయాళ సినిమా ఎప్పుడో ఇచ్చింది. 2014లో ఇరాక్‌లోని తిక్రిత్ ఆస్పత్రిలో చిక్కుకున్న 46 మంది భారతీయ నర్సుల ఉదంతం మీద 2017లోనే రెండు సినిమాలొచ్చాయి. ‘టైగర్ జిందా హై’లో గూఢచారి సల్మాన్ ఖాన్ తుపాకీతో సమస్య తేల్చేస్తాడు. పాకిస్తానీ నర్సులను కూడా కలిపి, రెండు దేశాల ఏజెంట్ల చేత భుజాలు కలిపించారు. మహేశ్ నారాయణన్ తీసిన ‘టేక్ ఆఫ్’ మాత్రం ఆ నర్సు ఇరాక్‌కు ఎందుకు వెళ్లిందో చెప్పడంతో మొదలవుతుంది. అప్పు, చెడిన పెళ్లి, ఇంట్లో అవసరాలు. పార్వతి పోషించిన సమీర సమస్య యుద్ధం రాకముందే ఉంది. అసలు నర్సుల్లోనూ కొందరు, జీతం బకాయిలు రాకుండా, అప్పు తీరకుండా ఉత్తచేతులతో ఎలా వెళ్తామని తటపటాయించారు. బాంబుల మధ్య నిలబడి కూడా మనిషి అప్పు లెక్కే వేసుకుంటోందంటే, అంతకు మించిన ఉత్కంఠ ఏ ఛేజింగ్ సన్నివేశంలో ఉంటుంది? 2014లోనే మోసుల్‌లో అపహరణకు గురైన భారతీయ కూలీల్లో 39 మంది హతమయ్యారని 2018 మార్చిలో పార్లమెంటుకు చెప్పేదాకా వాళ్ల కుటుంబాలు ఎదురుచూస్తూనే ఉన్నాయి. గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు కావలసి వచ్చాయి. దాన్ని ఎవరూ కాపాడిన కథగా తీయలేరు.

రెండో అభ్యంతరం కాస్త బరువైనది. కువైట్‌లో ప్రైవేటు మనుషులు నిజంగానే పూనుకున్నారు. టొయోటా సన్నీగా పేరుపడ్డ మత్తున్ని మాథ్యూస్, హర్భజన్ సింగ్ వేదీ లాంటివాళ్లు లేకపోతే శిబిరాల్లో వంటే సాగేది కాదు. వాళ్లను జనం మరిచిపోయిన పాతికేళ్లకు గుర్తుచేసింది ఈ సినిమాయే. నిజమే, అందుకు దానికి రుణపడాలి. అయితే వాళ్లు చేసింది కలిసి చేసిన పని. జాబితాలు రాసి, బియ్యం పంచి, ఎవరు ఏ బస్సెక్కాలో తేల్చింది కమిటీలు. అందరినీ కరిగించి ఒక్క రంజిత్‌ను పోతపోయడంలో, ప్రభుత్వంతో పాటు ఆ పౌరులూ చిన్నబోయారు. పైగా అలాంటి కథ చూసి లేచిన ప్రేక్షకుడికి, రేపు ఏ దేశంలోనైనా మనవాళ్లు చిక్కుకుంటే రాయబార కార్యాలయంలో పేర్ల నమోదు ఉందా లేదా అని అడగాలన్న ఆలోచన రాదు. 2022లో యుక్రెయిన్ నుంచి మన వైద్య విద్యార్థులు పోలండ్, రుమేనియా సరిహద్దులకు నడిచినప్పుడు వాళ్లను లోపలికి రానిచ్చింది పాస్‌పోర్టులే. కువైట్‌లో ఆ పనిమనిషికి లేనిది అదే.

సినిమా అమ్మాన్‌లో మువ్వన్నెల జెండా ఎగరడంతో ఊపందుకుని ముగుస్తుంది. ముంబైలో దిగినవాళ్ల జేబుల్లో ఉన్న నోట్ల సంగతి అక్కడితో దాటేశారు. ఇరాక్ మొదట కువైటీ దినార్‌ను తన దినార్‌తో సమానమంది, తర్వాత అసలు చెల్లదు పొమ్మంది. ఏళ్ల జీతం అలా ఆవిరైంది. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు పడిపోయి, చమురు ధర మండి, విదేశీ మారకం అడుగంటి, 1991లో దేశం బంగారం తాకట్టు పెట్టేదాకా పోయింది వ్యవహారం. అదే ఏడాది ఐక్యరాజ్య సమితి జెనీవాలో పరిహార సంఘాన్ని ఏర్పాటు చేసింది. ఇరాక్ చమురు ఆదాయంలోంచి బాధితులకు చెల్లించాలి. దేశం విడిచి రావాల్సి వచ్చిన ఒంటరి మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000, మరే వర్గం కిందా దావా వేయనంటే అంతకంటే ఎక్కువ. ఆక్రమణ నాటి నుంచి 1991 మార్చి 2 లోపల కువైట్‌నో, ఇరాక్‌నో వదిలి వచ్చినట్టు మనిషి తన ప్రభుత్వం ద్వారా చూపించుకోవాలి. మొత్తం 5,240 కోట్ల డాలర్ల పరిహారంలో చివరి వాయిదా 2022 జనవరిలో చెల్లింది, అంటే సినిమా వచ్చిన ఆరేళ్లకు.