గురుకుల కళాశాలలు - గణిత పరిశోధన

విద్యావ్యాప్తిని గూర్చి ప్రసంగించునపుడు మనవారు పాఠశాలల సంఖ్యను, ఉత్తీర్ణుల సంఖ్యను లెక్కించి తృప్తినొందుట పరిపాటి. బోధించువారికి స్వయముగా శోధించు నవకాశము గలదా యని యడుగువారు అరుదు. ఈ ప్రశ్న సకల విద్యాలయములకును వర్తించునదే. అయినను, తరతరములుగా విద్యకు దూరముగా నుంచబడిన వర్గముల బిడ్డలకై నెలకొల్పిన కళాశాలల విషయమున దీనికి మఱింత ప్రాముఖ్యము కలదు. అందును గణితశాస్త్రమును గూర్చి నేడు ప్రత్యేకముగా ప్రస్తావింపదలచితిమి.

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్‌బీ నగరు వఱకు నడచినవారికి, లెక్కలకు మన సంఘమున గల గిరాకి యెంతటిదో వేఱుగ జెప్ప నక్కఱలేదు. సందు సందునను శిక్షణ కేంద్రములు, వాని చుట్టును వసతిగృహములు. పల్లెలనుండి వచ్చిన యువకులు ప్రవేశపరీక్షలకును, బ్యాంకు కొలువులకును, గ్రూపు పరీక్షలకును ఇచ్చట లెక్కలు నేర్చుచున్నారు. మన పాఠకులలో పెక్కురు తమ ఫలసాయమున కొంత భాగమును ఈ సందులలోనే వెచ్చించియుందురు. దీనిని మేము నిందింపము; పొట్టకూటి విద్యయు విద్యయే. కాని యిచ్చట అమ్ముడగునది తెలిసిన లెక్కకు త్వరగా జవాబు చెప్పు నేర్పు. తెలియని లెక్కకు జవాబు వెదకు విద్య వేఱు. దానికి అంగడి లేదు. కావున పోషకుడు కావలెను.

2016లో తెలంగాణ ప్రభుత్వము షెడ్యూల్డు కులముల బాలికలకై 30 సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలను స్థాపించెను. ఎల్‌బీ నగరు కళాశాల యట్టివానిలో నొకటి. కూలివాండ్ర యిండ్లనుండి వచ్చిన బాలికలు వసతియు భోజనమును పొంది పట్టభద్రులగుటకు వీలు కలిగించిన యీ యేర్పాటు సామాన్యమైనది కాదు. గిరిజన బాలబాలికలకును ఇట్టి కళాశాలలు తరువాత వెలసినవి. ఉర్దూ మాధ్యమమున ఉన్నతవిద్య గఱపుటకై 1998లో పార్లమెంటు శాసనముచే నెలకొల్పబడిన మౌలానా ఆజాదు జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము ఇదే నగరమునకు పడమట గచ్చిబౌలిలో నున్నది. తలుపులు తెఱచుట వఱకు పని జరిగినది. లోపల బోధించు గణితాధ్యాపకురాలు ఏమి చేయగలుగుచున్నదను విషయము మాత్రము విచారింపవలసియున్నది.

పరిశోధనకు ప్రభుత్వధనము లేకపోలేదు. అణుశక్తి శాఖ క్రింద 1983లో ఏర్పడిన జాతీయ ఉన్నత గణిత మండలి పరిశోధనలకును, గ్రంథాలయములకును సాయము చేయుచున్నది. విజ్ఞాన, ఇంజనీరింగు పరిశోధన మండలి 2017లో ‘మాట్రిక్స్’ అను పథకమును గణితజ్ఞులకై ఆరంభించి, ఏటికి 2 లక్షల రూపాయల చొప్పున మూడేండ్లు ఇచ్చు నేర్పాటు గావించెను. రాష్ట్ర కళాశాలల యధ్యాపకులు ఏటేట కొంతకాలము ఐ.ఐ.టి. వంటి సంస్థలకు పోయి పరిశోధన సాగించుటకు ‘టేర్’ అను మఱియొక పథకము వచ్చెను. 2023 నాటి శాసనముచే అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠానము అవతరించి ఆ మండలి స్థానము నాక్రమించినది.

ఈ ధనము గురుకులముల గడప దాటుట కేల కష్టమగుచున్నది? మొదటిది, నిబంధన. ‘మాట్రిక్స్’, ‘టేర్’ రెండును స్థిరమైన యుద్యోగము గలవారికే అందునవి. ఒప్పందము మీదను, గంటల లెక్కమీదను పాఠములు చెప్పువారు దరఖాస్తు నైనను పంపజాలరు. రెండవది, కాలము. 2018 నాటి యూ.జీ.సీ. నిబంధనల ప్రకారము సహాయాచార్యులకు వారమునకు 16 గంటల బోధన విధింపబడినది. గురుకులమందు దీనికితోడు వసతిగృహ విధులుండును. గణితజ్ఞునకు ప్రయోగశాల యక్కఱలేదు. కాని తెగని తీరిక కావలెను. మూడవది, సాంగత్యము. తన ప్రశ్నను అర్థము చేసికొను రెండవ మనుష్యుడు లేనిచోట గణితము వాడిపోవును.

షెడ్యూల్డు కులముల, తెగల పరిశోధకులకు ప్రత్యేక పథకము లుండలేదా యని కొందఱందురు. ఉన్నవి; అవి మంచివే. కాని యవి వ్యక్తిని చూచి యిచ్చునవి. పెద్ద సంస్థలో స్థిరపడిన వ్యక్తికి అవి యందును. ఆ వర్గముల బిడ్డలు వందలుగా చదువు కళాశాలకు అందవు. మైనారిటీ విద్యార్థులకు 2009నుండి దొరకుచుండిన మౌలానా ఆజాదు జాతీయ పరిశోధక వేతనమును, తక్కిన పథకములతో కలగలుపగుచున్నదను కారణమున కేంద్రప్రభుత్వము 2022లో నిలిపివేసెను. కలగలుపును తొలగించుట వేఱు, పోషణనే తొలగించుట వేఱు.

ఇట్టి ధనము ప్రతిభను మాత్రమే చూచి యీయవలెను గాని సంస్థను చూచి యీయరాదను వాదము గౌరవింపదగినదే. అయితే ప్రతిభ కంటబడుటకు ముందు దానికి నిలువ నీడ కావలెను. శ్రీనివాస రామానుజన్ నాటికి పట్టభద్రుడు కాడు. 1910 చివర ఆయనను కలిసికొని, నెలకు 25 రూపాయలిచ్చి కొంతకాలము పోషించినవాడు నాటి నెల్లూరు కలెక్టరు దివాన్ బహదూర్ రామచంద్రరావుగారు. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయము పట్టము లేని యాతనికి నెలకు 75 రూపాయల పరిశోధక వేతన మొసగెను. నిబంధనయే ప్రధానమని నాడు తలచియుండినచో ఆయన పోర్టు ట్రస్టు గుమాస్తాగనే మిగిలియుండెడివాడేమో!

మఱియొక యుదాహరణము మన యాంధ్రులకు మఱింత సన్నిహితమైనది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి కలకత్తాకేగిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1945లో ప్రకటించిన వ్యాసమందలి యొక ఫలితమును, 1947లో అమెరికాయందు డేవిడ్ బ్లాక్‌వెల్ స్వతంత్రముగా కనుగొనెను. సంఖ్యాశాస్త్రము చదువువారెల్లరు నేడు దానిని రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతమని నేర్చుచున్నారు. బ్లాక్‌వెల్ నల్లజాతివాడు, వర్ణభేదముచే పెద్ద విశ్వవిద్యాలయముల తలుపులు ఆయనకు మూసియుండినవి. 1944నుండి పదేండ్లు నల్లజాతివారి హోవర్డు విశ్వవిద్యాలయమున బోధించెను. 1948నుండి వేసవి సెలవులలో రాండ్ సంస్థకు పోయి పరిశోధన చేయుటకు వీలు చిక్కినందున, క్రీడాసిద్ధాంతమున గొప్ప ఫలితములు సాధించి, 1965లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తునకు ఎన్నికయ్యెను. అటుపిమ్మట 1998లో అమెరికా ప్రభుత్వము నల్లజాతి కళాశాలలకై వేఱు పథకము నేర్పఱచి, క్రొత్తగా పరిశోధన నారంభించు నధ్యాపకులకు అందులో ప్రత్యేక సాయము కల్పించెను. సంస్థను చూచి యిచ్చిన ధనము ప్రతిభకు ప్రతికూలము కాదని వారు గ్రహించిరి.

ఇక వ్యయము. 30 కళాశాలలలో ఒక్కొక్క గణితాధ్యాపకురాలికి ‘మాట్రిక్స్’ కొలమానముననే ఏటికి 2 లక్షలిచ్చినచో ఏటికి 60 లక్షలు, మూడేండ్లకు కోటి 80 లక్షలు. ఒక రాష్ట్ర ప్రభుత్వమునకు ఇది భారము కాదు.

కావున మేము కోరునది యిది. ఒప్పందపు టధ్యాపకులను ఎంత త్వరలో నైన స్థిరపఱుపవలెను. అంతవఱకు కళాశాలయే పూచీపడి వారి దరఖాస్తులను పంపుటకు వీలు కల్పింపవలెను. సాయము పొందినవారికి వారమున కొన్ని గంటల బోధన తగ్గింపవలెను. హబ్సీగూడలోని భారత సంఖ్యాశాస్త్ర సంస్థ, ఉస్మానియా విశ్వవిద్యాలయము ఎల్‌బీ నగరునకు అనతిదూరమున నున్నవి. గచ్చిబౌలియందు రాధాకృష్ణరావుగారి పేరనే 2007లో వెలసిన గణిత, సంఖ్యాశాస్త్ర సంస్థ కలదు. వేసవి మాసములలో ఈ యధ్యాపకురాండ్రకు అచ్చట బల్లయు, గ్రంథాలయ ప్రవేశమును, సాంగత్యమును కల్పించుట వారికి కష్టము గాదు.

భూస్వాములగు మన పాఠకులకు తుదిగా నొక మాట. మీ పూర్వులు విద్వాంసులకు మాన్యములిచ్చిరి. కూటికై వెదకనక్కఱలేని తీరికయందే శాస్త్రము పెరుగునని వారెఱుగుదురు. పరిశోధనకు ధనసాయమను భావము మనకు విదేశముల నుండి దిగుమతి యైనది కాదు. అయితే ఆ మాన్యములు ఏ కులములకు మూసియుండెనో, ఏ కూలిచేతుల కష్టము మీద ఆ పొలములు పండెనో, ఆ యిండ్ల బాలికలే నేడు ఎల్‌బీ నగరు గురుకులమున గణితము చదువుచున్నారు. వారి గురువులలో నొకరి పేర ఏటేట చిన్న నిధి నేర్పఱచుట దానము కాదు, చిరకాలపు బాకీలో కొంత చెల్లించుట. ప్రభుత్వము తన వంతును, మనము మన వంతును చెల్లించినగాని యీ లెక్క సరిపోదు.