నాంపల్లి నుండి నింగికి

దూరాన్ని జయించాలన్న మానవుని ఆకాంక్ష ప్రాచీనమైనది. మన పురాణాలలోని పుష్పక విమానం ఆ ఆకాంక్షకు కవులు ఇచ్చిన రూపం. ఇరవయ్యో శతాబ్దంలో ఆ కల యంత్రరూపం ధరించింది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి బొంబాయికి తపాలా విమానం నడిపి భారతీయ విమానయానానికి నాంది పలికారు. ఈ చరిత్రలో హైదరాబాదుకు కూడా ఒక అధ్యాయం ఉన్నది.

1907లో ఏర్పడిన నాంపల్లి రైల్వే స్టేషను నిజాం రైల్వేకు చెందినది. ఆ రైల్వే కేవలం రైళ్లతో తృప్తి చెందక 1932లో బస్సులు నడిపింది. 1945లో టాటాలతో కలిసి 'దక్కన్ ఎయిర్‌వేస్' అనే విమాన సంస్థను స్థాపించింది. అందులో అధిక వాటా రైల్వేదే. బేగంపేట దాని కేంద్రం. యుద్ధం ముగిశాక మిగిలిన డకోటా విమానాలు చౌకగా లభించడం అటువంటి సంస్థలకు కలిసివచ్చింది. స్త్రీలకు విమానం అప్పగించడానికి ఇతర సంస్థలు జంకిన ఆ రోజులలో ప్రేమ్ మాథుర్‌కు పైలట్‌గా అవకాశమిచ్చిన కీర్తి ఈ సంస్థదే.

అబిడ్స్ తపాలా కార్యాలయంలో నేడు ఉత్తరం వేసేవారు తెలుసుకోదగిన విషయం మరొకటి ఉన్నది. 1949లో రాత్రి తపాలా విమానాలు మొదలయ్యాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుండి బయలుదేరిన విమానాలు అర్ధరాత్రి నాగపూరులో కలుసుకొని, తపాలా సంచులు మార్చుకొని, తెల్లవారేసరికి స్వస్థానాలకు చేరేవి.

అయితే ప్రయాణికుల సంఖ్యకు మించి సంస్థలు పుట్టడంతో నష్టాలు పెరిగాయి. 1953లో పార్లమెంటు చట్టం చేసి విమానయానాన్ని జాతీయం చేసింది. దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమయ్యాయి. విదేశీయానం ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌కు దక్కింది. రద్దీగల మార్గాల ఆదాయంతో, లాభం లేని మారుమూల మార్గాలను పోషించడం ప్రభుత్వ సంస్థకు సాధ్యమయింది. 1990లో కువైట్ సంక్షోభంలో చిక్కుకున్న లక్షకు పైగా భారతీయులను స్వదేశానికి చేర్చడంలో ఎయిర్ ఇండియా ప్రధానపాత్ర వహించింది. లాభనష్టాల లెక్కలకు అందని సేవ అది.

కాని ఆ లెక్కలను ఎల్లకాలం విస్మరించడమూ సాధ్యం కాదు. 1990 దశకంలో ప్రైవేటు సంస్థలు రంగప్రవేశం చేశాయి. 2007లో రెండు జాతీయ సంస్థలు ఏకమయ్యాయి. అయినా అప్పులు తీరలేదు. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది. అప్పటికే, 2008లో, హైదరాబాదు ప్రయాణికుల విమానాలు బేగంపేటను వీడి శంషాబాదుకు తరలివెళ్లాయి.

యజమానులు మారారు, విమానాశ్రయం మారింది. ఆపదలో తన ప్రజల కోసం రెక్కలు చాచే బాధ్యత మాత్రం మారరాదు. ఆ బాధ్యతను మోసినప్పుడే ఏ విమాన సంస్థకైనా 'జాతీయ' అన్న విశేషణం సార్థకమవుతుంది.